వన్యప్రాణుల వైవిధ్యాన్ని కొలిచి, ముందుగా ఏ చోటును కాపాడాలో తేల్చుకోవడం ఎలా?

ఏ చోట ఎక్కువ జాతులు కనిపిస్తే ఆ చోటుకే రక్షణ నిధులు కేటాయించడం తేలికైన పద్ధతే కానీ, మరెక్కడా బతకని కొద్దిపాటి జాతులకు ఆశ్రయమిచ్చే చిన్న చోట్లు దానివల్ల ప్రణాళికలోకి రాకుండానే పోతాయి. అందుకే కొలత మొదలుపెట్టక ముందే దానితో ఏ నిర్ణయం తీసుకోబోతున్నామో రాసిపెట్టుకోవాలి. కొత్త రక్షిత ప్రాంతానికి స్థలం ఎంచుకోవడానికా, లేక ఇప్పటికే ఉన్న ప్రాంతంలో పశువుల మేతను, కార్చిచ్చును అదుపు చేయడానికా అన్నదాన్ని బట్టే ఏ జీవులను, ఎంత విస్తీర్ణంలో, ఏ కాలంలో చూడాలో తేలుతుంది.

సర్వే చేసే చోట్లను దారి పక్కన అనువుగా ఉన్నాయని ఎంచుకోకూడదు. గడ్డిమైదానం, వాగు ఒడ్డు, దట్టమైన అడవి అంటూ ఆవాసాలను ముందు విడదీసి, ప్రతి దానిలోనూ చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా చోట్లు ఎంచుకోవాలి. ఎన్ని గంటలు చూశారు, ఎంత దూరం నడిచారు, ఎన్ని కెమెరాలు ఎన్ని రాత్రులు పనిచేశాయి, వాతావరణం ఎలా ఉంది అన్నవి ప్రతిసారీ నమోదు చేయాలి. ఏమీ కనిపించని రోజును కూడా రాయాలి. ఆ ఖాళీ వరుస లేకపోతే మిగతా లెక్కలకు ఆధారమే ఉండదు.

కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఒక జాతి ఆ చోట ఉన్నప్పటికీ ఒక్కో సందర్శనలో దాన్ని గుర్తించే అవకాశం 40 శాతమే అనుకుంటే, నాలుగుసార్లు వెళ్లినా ఒక్కసారీ కంటపడకపోయే అవకాశం దాదాపు 13 శాతం ఉంటుంది. కాబట్టి ప్రతి చోటుకూ ఒకే కాలంలో పలుమార్లు వెళ్లి, గుర్తింపు అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, ఒక జాతి ఎన్ని చోట్ల ఉందో అంచనా వేసే ఆక్యుపెన్సీ నమూనాలను వాడాలి. జంతువు ఎదురుగా రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లతో మరో చిక్కు ఉంది. ఒకే జింక కెమెరా ముందు మేస్తూ అరగంటలో పది ఫొటోలలో పడితే అవి పది జింకలు కావు. ఒకే జాతి ఫొటోల మధ్య కనీసం 30 నిమిషాల విరామం ఉంటేనే వాటిని వేర్వేరు నమోదులుగా తీసుకోవడం చాలామంది పాటించే పద్ధతి. అప్పుడు కూడా ఆ నమోదుల సంఖ్యను జంతువుల సంఖ్యగా భావించకూడదు. పులిచారల వంటి గుర్తులతో ఒక్కో జంతువును వేరుగా పోల్చగలిగితే ఆ లెక్క తేలికవుతుంది.

ఎంత శ్రద్ధగా చూసినా కొన్ని జాతులు మిగిలిపోతాయి. వాటిని కూడా కలుపుకుని మొత్తం కనీసం ఎన్ని జాతులు ఉండవచ్చో అంచనా వేయడానికి గణాంక శాస్త్రవేత్త ఆన్ చావో 1984లో ప్రతిపాదించిన సూత్రం బాగా ఉపయోగపడుతుంది. ఒక్కసారి మాత్రమే కనిపించిన జాతుల సంఖ్యను వర్గం చేసి, రెండుసార్లు కనిపించిన జాతుల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వచ్చినదాన్ని చూసిన జాతుల సంఖ్యకు కలపాలి. 40 జాతులు కనిపించి, వాటిలో 10 ఒక్కసారి, 5 రెండుసార్లు కనిపించి ఉంటే అంచనా 50 అవుతుంది.

జాతుల సంఖ్యతో పాటు ఆ జాతుల మధ్య జీవులు ఎలా పంచుకుని ఉన్నాయో కూడా చూడాలి. రెండు చోట్లలో చెరి 100 పక్షులు, చెరి 10 జాతులు ఉన్నాయనుకుందాం. మొదటి చోట ఒక్కో జాతికి పదేసి పక్షులుంటే, జాతుల సంఖ్యను, వాటి మధ్య జీవుల పంపకాన్ని కలిపి కొలిచే షానన్ సూచీ నుంచి లెక్కగట్టే ప్రభావవంతమైన జాతుల సంఖ్య (అంతే వైవిధ్యానికి సమాన సంఖ్యలో జీవులున్న ఎన్ని జాతులు కావాలో చెప్పేది) సరిగ్గా 10. రెండో చోట ఒకే జాతివి 91, మిగతా తొమ్మిదింటివి ఒక్కొక్కటే ఉంటే ఆ సంఖ్య సుమారు 1.65కి పడిపోతుంది. నివేదికలో సూచీ విలువను నేరుగా రాయడం కన్నా ఈ సంఖ్యను ఇవ్వడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే నిధులు మంజూరు చేసే అధికారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

అయితే ఏ సూచీకీ జాతుల పేర్లు తెలియవు. అడవిని నరికి దారులు వేసిన తర్వాత ఎక్కడైనా బతకగల జాతులు లోపలికి చేరి, మొత్తం సంఖ్య కొంతకాలం పెరగవచ్చు కూడా. దట్టమైన అడవి తప్ప మరో ఆవాసం ఎరుగని జాతులు మాత్రం అదే సమయంలో తగ్గిపోతుంటాయి. సంఖ్య పెరిగిందని సంతోషించే ముందు జాబితాను పేరుపేరునా చదివి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) రూపొందించే రెడ్ లిస్ట్‌లో ప్రమాదస్థితిలో ఉన్నవాటిని, ఆ ప్రాంతానికే పరిమితమైనవాటిని విడిగా గుర్తించాలి.

ఇక ప్రణాళికకు అసలు కీలకం చోట్ల మధ్య తేడాలో ఉంది. మొదటి చోట 30 జాతులు, రెండో చోట 28, మూడో చోట 12 ఉన్నాయనుకుందాం. రెండోదానిలోని 26 జాతులు మొదటిదానిలోనూ ఉండి, మూడోదానిలోని 10 జాతులు మొదటిదానిలో లేకపోతే, మొదటి రెండింటిని కాపాడితే దక్కేవి 32 జాతులే. మొదటిదాన్ని, మూడోదాన్ని కాపాడితే 40 దక్కుతాయి. ఇలా ఒకదానికొకటి పూరకంగా ఉండే చోట్లను ఎంచడానికి మార్క్సాన్ వంటి సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ చోట్లు తక్కువగా ఉంటే ఒక పట్టికతోనే ఈ పని చేయవచ్చు. ఎంపికైన ప్రతి చోటుకూ ఎదురుగా అక్కడి ముప్పులను, భూమి ఎవరి అధీనంలో ఉందో, రక్షణకు అయ్యే ఖర్చును నమోదు చేసి, ముప్పు దగ్గరపడిన చోటును ముందుకు తేవాలి.

నిర్ణయం అమలైన తర్వాత అవే చోట్లలో, అదే కాలంలో, అదే పద్ధతిలో, అంతే శ్రమతో సర్వేను మళ్లీ చేయాలి. పద్ధతిని మార్చక తప్పనప్పుడు కనీసం ఒక్క విడత పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కనే నడిపితే, తేడా జంతువుల్లో వచ్చిందో, చూసే తీరులో వచ్చిందో వేరు చేసి చెప్పగలుగుతాం.