కొత్త పశువును మందలో కలిపే ముందు

రక్తపరీక్ష రిపోర్టు రాకుండా కలపొద్దు. బ్రూసెల్లోసిస్ (ఈసుకుపోయేలా చేసే అంటురోగం) ఉన్న ఆవు పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. చాలాసార్లు చూడి ఆరేడు నెలలకొచ్చి ఈసుకుపోయాక (గర్భస్రావం అయ్యాక) గానీ అనుమానం రాదు. ఈలోపు మాయ, స్రావాలు పడ్డ గడ్డిని మిగతావి నాకేసి ఉంటాయి. ఇది మనుషులకూ అంటుతుంది: మాయను వట్టి చేతులతో లాగొద్దు, పచ్చిపాలు తాగొద్దు.

క్షయకు చర్మపరీక్ష. సూది వేసిన 72 గంటలకు డాక్టర్ మళ్లీ వచ్చి వాపు కొలవాలి. ఆ రెండో రాక ఎగ్గొడితే పరీక్ష చేయించనట్టే.

కనీసం 30 రోజులు విడిగా కట్టండి. బకెట్, పార కూడా వేరే. ఎక్కువమంది తప్పేది పార దగ్గరే.

డెయిరీ అయితే దీన్ని చివర్లో పితకండి. పొదుగువాపు తెచ్చే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా చేతులు, మిషన్ కప్పుల ద్వారా పాకుతుంది.

బయట మేసే మంద అయితే నీటిగుంట చూసుకోండి. లెప్టోస్పైరా అనే రోగకారక బ్యాక్టీరియా మూత్రంతో నీళ్లలో చేరుతుంది.

దూడల దగ్గర పెద్దవాటి పేడ పడనీయొద్దు. పేడ ద్వారా పాకే జోనీస్ అనే పేగు వ్యాధి ఎక్కువగా దూడప్పుడే అంటుకుని, ఏళ్ల తర్వాత పారుడుగా బయటపడుతుంది.

"టీకా వేయించాం" అంటే కాగితం అడగండి. బ్రూసెల్లోసిస్‌కు వేసే ఎస్19 టీకా వల్ల కూడా రక్తపరీక్ష పాజిటివ్ రావచ్చు.