చెన్నైలో వారం పాటు సంగీతం నేర్చుకోవడానికి వెళ్తుంటే

మైలాపూర్‌లో పాత స్నేహితుల ఇంట్లో దిగుతున్నారా? పాఠం పొద్దున పదింటి తర్వాతే పెట్టమని గురువుగారిని ముందే అడగండి. రాత్రి కబుర్లు ఎలాగూ ఆగవు, మర్నాడు గొంతు లేవదు. వారానికి ఒక్క కృతి చాలు. ఆయన ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఆ సాయంత్రమే పల్లవి సంగతులు, అంటే అదే వరుసను మార్చి మార్చి పాడే తీరులు, ఒక్కొక్కటిగా విని పాడుకోండి. మర్నాటికి వాయిదా వేస్తే సగం జారిపోతాయి. అపార్ట్‌మెంట్ అయితే తంబురా నాదం వినిపించే శ్రుతి యాప్‌ని ఇయర్‌ఫోన్‌లో పెట్టుకుని డాబా మీదికి వెళ్లడం నయం. డిసెంబరులో అయితే కచేరీలు పెట్టే చాలా సంగీత సభల్లో మధ్యాహ్నం కచేరీలు ఉచితం. స్నేహితుల్నీ లాక్కెళ్లి సభ క్యాంటీన్‌లోనే భోజనం పెట్టించండి, వాళ్లకూ ఓ పూట వంట తప్పుతుంది.