రేకుల వర్క్‌షాప్‌లోకి గోడ కింద నుంచి వచ్చే వాన నీరు

గోడ రేకు అడుగు అంచు నేల కాంక్రీటు స్లాబు మీదే ఆగితే, రేకు మీద జారిన నీరంతా అడుగు చానల్ (గోడ అడుగున స్లాబుకు బిగించిన ఇనుప చట్రం) కింద నుంచి లోపలికి వస్తుంది. లోపలి వైపు సీలెంట్ (సందులు పూడ్చే జిగురు) పూయొద్దు. నీరు చానల్ కిందే నిలిచి ఇనుము తుప్పు పడుతుంది. బయటే ఆపాలి.

కాంక్రీటును వైరు బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాక చానల్ అంచు వెంట పాలీయురేథేన్ సీలెంట్ పట్టించాను. తడి మీద పూస్తే ఊడొస్తుంది. తర్వాత అడుగు వరస స్క్రూలు వదులు చేసి, జెడ్ ఆకారంలో వంచిన గాల్వనైజ్డ్ పట్టీ పై అంచును గోడ రేకు వెనక్కి దూర్చి, కింది అంచును స్లాబు బయటికి 50 మి.మీ. దించాను. పై అంచు రేకు ముందుంటే పని వృథా! అతుకుల దగ్గర పట్టీ ముక్కలు 100 మి.మీ. ఒకదానిపై ఒకటి రావాలి.

కొత్తగా పోసేవాళ్లు స్లాబు అంచునే 40 మి.మీ. లోతు మెట్టుగా పోసి రేకును అందులోకి దించితే, పట్టీ ఖర్చే ఉండదు.