వైఫై స్లోగా ఉందా? ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

నెట్ స్లో అవగానే అందరం రూటర్ ఆపి ఆన్ చేస్తాం. ఒక్కోసారి కుదురుకుంటుంది కూడా. కానీ కారణం తెలియదు కాబట్టి నాలుగు రోజులకు మళ్లీ అదే గోల. ఈసారి ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలిపి, వైఫై ఆపేసి స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత కేబుల్ తీసి, అదే గదిలో వైఫై మీద చేయండి. సగం చిక్కు ఇక్కడే వీడిపోతుంది.

కేబుల్ మీదా స్లోనే

అయితే వైఫైని తిట్టి లాభం లేదు. లైన్ చూడాలి, లేదా మన లెక్క చూసుకోవాలి. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫైల్ సెకనుకు 12 మెగాబైట్ల చొప్పున దిగుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. ప్లాన్ చెప్పేది బిట్లలో, డౌన్‌లోడ్ చూపించేది బైట్లలో. ఒక బైటుకు 8 బిట్లు.

ప్లాన్ 300 అయినా టెస్ట్ ఎప్పుడూ 94 దగ్గరే ఆగుతోందా? ఈ అంకె కనిపిస్తే నేను ముందు కేబుల్‌నే అనుమానిస్తాను. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని 8 తీగలూ పనిచేయాలి. 100కి 4 చాలు. ఒక్క తీగ తెగినా, కొనలో క్లిప్పు వదులైనా లింకు చప్పుడు లేకుండా 100కి దిగిపోవచ్చు. మోడెం (బయటి లైన్ వచ్చి కలిసే పెట్టె) నుంచి రూటర్‌కు వచ్చే కేబుల్ అలా ఉంటే వైఫై కూడా అక్కడే ఆగుతుంది. వేరే కేబుల్ పెట్టి చూడండి. మార్చినా అంతే ఉంటే రూటర్ లేదా ల్యాప్‌టాప్ పోర్టే 100ది అయ్యుంటుంది.

రూటర్ గదిలో బాగుంది, లోపలి గదిలో లేదు

వైఫై రెండు బ్యాండ్ల (రేడియో తరంగాల శ్రేణుల) మీద నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, వేగం తక్కువ. రూటర్‌ను ఇనుప బీరువా వెనకో, టీవీ కిందో దాచకండి. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టండి. రిపీటర్‌ను (సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పెట్టెను) సిగ్నల్ అందని గదిలో పెట్టడం దండగ, దానికే అందనిది అదేం పంచుతుంది? సగం దారిలో ఉండాలి. అయినా ఒకే బ్యాండ్ మీద తీసుకుని పంచేదైతే వేగం దాదాపు సగమవుతుంది. వీలుంటే ఆ గదికి కేబుల్ లాగడమే మేలు.

సాయంత్రాలు మాత్రమే స్లో

కేబుల్ మీద కూడా తగ్గితే రద్దీ కంపెనీ వైపుది. వైఫై మీదే తగ్గితే చుట్టుపక్కల రూటర్లు అదే ఛానల్‌లో, అంటే బ్యాండ్‌లోని అదే చిన్న భాగంలో ఉన్నట్టు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమే. ఖాళీగా ఉన్నది ఎంచుకుని, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. ఫోన్‌ను 5కి మారిస్తే ఇంకా హాయి. మైక్రోవేవ్ ఓవెన్ నడిచినప్పుడే తగ్గితే కూడా మందు ఇదే.

టెస్ట్‌లో స్పీడ్ ఉంది, పేజీలు మాత్రం ఆగి ఆగి వస్తున్నాయి

ఇంట్లో ఏదో ఫోన్ ఫొటోలన్నీ బ్యాకప్‌కు పంపుతుండవచ్చు. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా తడబడుతుంది. బ్యాకప్‌ను రాత్రికి మార్చండి, లేదా రూటర్‌లో క్యూఓఎస్ (ఎవరికెంత వేగమో పంచే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్ హద్దును అసలు వేగం కంటే కొంచెం తక్కువ పెట్టండి.

రూటర్ పక్కనే ఉన్నా వైఫై లింకు వేగం 54 ఎంబీపీఎస్ దాటదు

రూటర్ సెక్యూరిటీ సెట్టింగ్‌లో టీకేఐపీ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉందేమో చూడండి. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కో, డబ్ల్యూపీఏ3కో మార్చాలి.

ఒక్క ల్యాప్‌టాప్‌లోనే స్లో అయితే రూటర్ జోలికి పోకండి. వీపీఎన్ ఆపి, వైఫై డ్రైవర్ అప్‌డేట్ చేసి, పవర్ సేవింగ్ తీసేసి మళ్లీ టెస్ట్ చేయండి.