గోగుపుల్ల పొడి అయానిక ద్రవంలో కరగడం లేదా? సమస్య - పరిష్కారం

సమస్య: ఇథైల్ మిథైల్ ఇమిడజోలియం అసిటేట్ అనే అయానిక ద్రవంలో (అయాన్లతోనే ఏర్పడి ద్రవరూపంలో ఉండే లవణంలో) గోగుపుల్ల పొడినో చెరకు పిప్పి పొడినో వేసి, 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి కలియబెట్టినా రేణువులు ఉబ్బుతాయే గాని కరగవు. నీళ్లు పోసి వేరుచేసిన గుజ్జును, మొక్క పీచులోని సెల్యులోజ్‌ను చక్కెరగా విడగొట్టే సెల్యులేజ్ ఎంజైమ్‌కు అందించినా చక్కెర తక్కువగానే వస్తుంది.

ఈ దశలో చాలామంది వేడి పెంచుతారు. దానివల్ల ద్రవం నల్లబడి విచ్ఛిన్నం కావడం తప్ప ప్రయోజనం ఉండదు. ముందు తేమ చూడండి.

కారణం: సెల్యులోజ్ గొలుసులను కట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు. అసిటేట్ అయాన్లు అక్కడి హైడ్రాక్సిల్ సమూహాలను పట్టుకోవడం వల్లనే ఆ గొలుసులు విడివడతాయి. నీరు ఉంటే ఆ అయాన్లు నీటితో జతకడతాయి. 100 గ్రాముల ద్రవంలో 10 శాతం తేమ ఉన్న పొడిని 10 గ్రాములు వేస్తే 1 గ్రాము నీరు చేరుతుంది. బరువులో ఇది స్వల్పంగా కనిపించినా, అణువుల లెక్కలో ద్రవంలోని సుమారు 11 అయాన్ జంటలకు (ఒక ఇమిడజోలియం, ఒక అసిటేట్ కలిస్తే ఒక జంట) ఒక నీటి అణువు చొప్పున ఉన్నట్టు. ద్రవం తనంతట తాను గాలి నుంచి పీల్చుకున్న నీరు దీనికి అదనం.

“రాత్రంతా ఓవెన్‌లో ఆరబెట్టాం కదా” అనే సమాధానమే మోసం చేస్తుంది. ఆరబెట్టిన తరువాత జల్లెడ పట్టి, పళ్లెంలో చల్లార్చి, మూత సరిగా పడని డబ్బాలో పోసి ఉంచుతారు. శ్రీకాకుళం తీరంలో వానాకాలపు గాలికి ఆ పొడి మళ్లీ తేమను తాగేస్తుంది. డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూతపాత్రలో) చల్లార్చిన పొడిని పల్చగా పరచి త్రాసు మీద పెట్టి చూడండి. చివరి అంకె నిలవకుండా పైకి పోతూనే ఉంటుంది.

పరిష్కారం: నూరడం, జల్లెడ పట్టడం ముందే ముగించి, ఆరబెట్టడాన్ని చివరి పనిగా పెట్టుకోవాలి. పొడిని వాక్యూమ్ ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, డెసికేటర్‌లోనే చల్లార్చి, వెంటనే వాడాలి. అందులోంచి చిటికెడు తీసి 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గకుండా నిలిచేదాకా ఉంచితే, తగ్గిన బరువును బట్టి మిగిలిన తేమ తెలుస్తుంది. ద్రవాన్ని కూడా వాక్యూమ్ కింద 80 డిగ్రీల దగ్గర కలియబెడుతూ రాత్రంతా ఉంచాలి. నీటి పరిమాణాన్ని కొలిచే కార్ల్ ఫిషర్ పరికరం అందుబాటులో ఉంటే ద్రవంలోని నీటిని కొలిచిన తరువాతే పొడి వేయాలి.

పొడి చక్కగా కరిగినా చక్కెర రాకపోతే, గుజ్జులో మిగిలిపోయిన అయానిక ద్రవం సెల్యులేజ్‌ను అడ్డుకుంటోందని అనుమానించాలి. కడిగిన నీటి విద్యుత్ వాహకత, కడగడానికి వాడిన స్వేదనజలం వాహకతకు దగ్గరయ్యేదాకా వేడినీటితో కడగాలి.

రేణువులు మరీ పెద్దవి కావడం, ఎంజైమ్ పాతబడడం వంటివి అరుదు. తేమ, కడుగుడు రెండూ సరిచూశాకే వాటి జోలికి వెళ్లండి.