అమెరికా అపార్ట్‌మెంట్లో వైర్ల సంగతి: ఏవి దాచొచ్చు, ఏవి దాచకూడదు

కొత్త అపార్ట్‌మెంట్లోకి దిగాక టీవీ, రూటరు, టేబుల్ లైట్లు, ఆఫీసు మానిటర్లు ఒక్కొక్కటే చేరతాయి. నెల తిరక్కుండానే గోడ వారంతా వైర్ల చిక్కు. మన ఊళ్లో ఇల్లు కట్టేటప్పుడే గోడ కొట్టి పైపులు వేసి వైరింగంతా లోపలికి పంపేస్తారు. ఎక్కడైనా మర్చిపోతే ఎలక్ట్రీషియన్ వచ్చి గోడ మీద కేసింగ్ కేపింగ్ (వైర్లు దాచే ప్లాస్టిక్ పట్టీ) కొట్టి పోతాడు. ఇక్కడ అద్దె ఇంటి గోడకు మేకు కొట్టాలన్నా లీజు తిరగేయాలి. అందుకని ఆ వైర్లు కనబడకుండా చేసే తొందరలో జనం ప్రమాదకరమైన చోట్ల కుక్కేస్తున్నారు. ఏ వైరును దాచకూడదో ముందు తెలిస్తే, మిగతావి దాచడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని.

ముందుగా ప్లగ్ పాయింట్లు. ఇక్కడ వాటికి స్విచ్చి ఉండదు. గుచ్చితే కరెంటు ఉన్నట్టు, పీకితే లేనట్టు. కాబట్టి ప్లగ్గు బరువైన సామాను వెనక, చెయ్యి దూరని చోట ఇరుక్కుపోతే అవసరానికి ఆపే దారి ఉండదు. వైరును దాచండి గానీ ప్లగ్గు మాత్రం చేతికి అందాలి.

దీనికో మినహాయింపు ఉంది. సీలింగ్ లైటు లేని హాల్లో, బెడ్రూముల్లో తలుపు పక్కనే ఒక స్విచ్చి ఉంటుంది. వేస్తే ఏదీ వెలగదు. పాడైందనుకుంటారు. నిజానికి అది అదే గదిలో ఏదో ఒక అవుట్‌లెట్‌కి, చాలాసార్లు దాని పైసగానికో కిందిసగానికో కలిపి ఉంటుంది. చిన్న లైటొకటి పట్టుకుని ఒక్కో పాయింటులో పెట్టి చూస్తే దొరుకుతుంది. అది ఫ్లోర్ లైటుకి భలే పనికొస్తుంది. రూటరు మాత్రం అక్కడ పెట్టకండి. రాత్రి ఎవరో లైటు ఆపుతారు, ఇండియాతో మాట్లాడుతున్న కాల్ ఠక్కున పోతుంది.

మంచం, సోఫా కొనకముందే ఏ గోడకి ఎక్కడెక్కడ పాయింట్లున్నాయో కాగితం మీద గీసుకోండి. గోడ వెంట ఎక్కడినుంచి కొలిచినా 6 అడుగుల లోపు ఒక అవుట్‌లెట్ ఉండాలని ఇక్కడి ఎలక్ట్రికల్ కోడ్ చెబుతుంది. పాత ఇళ్లయితే అంత దగ్గరగా ఉండవు. టేబులు నాలుగడుగులు జరిపితే ఎక్స్‌టెన్షన్ అవసరమే పడకపోవచ్చు. ఎంత ఖరీదైన తొడుగు కొన్నా అసలు లేని వైరంత అందంగా ఏ వైరూ ఉండదు.

ఇప్పుడు అసలు గొడవ. సూట్‌కేసులో ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టుకొచ్చేవాళ్లు చాలామంది. చివర ఒక అడాప్టర్ తగిలిస్తే మన ప్లగ్గులన్నీ అందులో పడతాయని ఆలోచన. "అక్కడ 230 వోల్టులు తట్టుకున్నది ఇక్కడ 120 తట్టుకోదా?" అని అడుగుతారు. వైరు వేడెక్కేది దానిలో పారే ఆంపియర్లను బట్టి. అదే వాట్ల సామానుకు వోల్టేజి సగమైతే ఆంపియర్లు దాదాపు రెట్టింపవుతాయి. 6 ఆంపియర్ల బాక్స్ మన దగ్గర 1380 వాట్లు మోస్తే ఇక్కడ 720తోనే దాని పని సరి. పైగా రెండు పిన్నుల అడాప్టర్ తగిలిస్తే ఎర్త్ కూడా పోయినట్టే. లాప్‌టాప్, ఫోను చార్జర్ల మీద చిన్న అక్షరాల్లో 100-240 వోల్టులు అని ఉంటే వాటికి మామూలు అడాప్టర్ చాలు. బాక్స్ మాత్రం ఇక్కడే కొనండి. దాని మీద యూఎల్ గుర్తు (భద్రతా పరీక్ష నెగ్గిందని చెప్పే ముద్ర) ఉందో లేదో చూడండి, ప్లగ్గు చదునుగా ఉన్నది తీసుకుంటే సోఫా గోడకు ఆనుతుంది. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే సామాన్లను కాపాడే బాక్స్) అయితే 'ప్రొటెక్టెడ్' అనే చిన్న లైటు ఉంటుంది. అది ఆరిపోయిందంటే ఇక మామూలు బాక్సే.

మామూలు గది సర్క్యూట్ 15 ఆంపియర్లు, అంటే 1800 వాట్లు. చలికాలంలో కొనే రూమ్ హీటర్ ఒక్కటే 1500 వాట్లు తాగుతుంది. కాబట్టి హీటరు, విండో ఏసీ లాంటివి తిన్నగా గోడ పాయింటులోకే పోవాలి, బాక్సులోకి వద్దు. ఒక బాక్సులో ఇంకో బాక్స్ గుచ్చడం కూడా మానండి. వాడుతున్న పొడుగు వైరును చుట్టలు చుట్టి డబ్బాలో కుక్కితే వేడి బయటికి పోదు, ఆ చుట్ట మధ్యలోనే కరగొచ్చు. పొడుగు ఎక్కువైందనిపిస్తే పొట్టి వైరు కొనడమే దారి. ఎక్స్‌టెన్షన్ కొనేటప్పుడు గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావని గుర్తుపెట్టుకోండి. 16 కంటే 14 లావు.

దాచకూడని చోట్లలో మొదటిది కార్పెట్ అడుగు. కాలి కింద నలిగిన వైరు పైతొడుగు చిట్లినా కనబడదు. గోడ అంచున కార్పెట్ లోపలికి దోపితే ఇంకా చేటు. అక్కడ కార్పెట్‌ని పట్టి ఉంచడానికి మొనదేలిన మేకులున్న చెక్కపట్టీ ఉంటుంది. వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది, కాస్త జాగ్రత్తగా. ఇంటర్నెట్ కేబుల్ అయినా అక్కడ దోపకుండా గోడ అడుగున ఉండే పట్టీ (బేస్‌బోర్డు) పైఅంచు వెంట తెల్ల క్లిప్పులతో తీసుకెళ్లండి. తెలుపు మీద తెలుపు, దగ్గరికొచ్చి చూస్తే తప్ప కనబడదు. నడిచే దారికి అడ్డంగా తప్పదంటే నేల మీద పెట్టే రబ్బరు తొడుగు దొరుకుతుంది.

రెండోది గోడ లోపల. ఇక్కడి గోడలు చాలావరకు నిలువు చెక్కల (స్టడ్ల) మీద కొట్టిన జిప్సం పలకలు, మధ్యలో బోలు. టీవీ వెనక ఒక బెజ్జం, కింద ఒక బెజ్జం చేసి వైరు జారవిడిస్తే క్షణంలో మాయం. వీడియోల్లో చూసి ఎంతమంది చేస్తున్నారో! టీవీ పవర్ వైరును అలా గోడలో పెట్టడం కోడ్‌కి విరుద్ధం. గోడలోపలికి అనుమతి ఉన్న కేబుల్‌తో వచ్చే కిట్లు వేరే ఉన్నాయి. సొంతిల్లయితే అది పెట్టించుకోండి. అద్దె ఇంట్లో ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ జోలికి పోవద్దు. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ కూడా గోడలోకి పంపాలంటే సీఎల్2 అని అచ్చేసినదై ఉండాలి.

అద్దె ఇంటికి తగినది రేస్‌వే. మన కేసింగ్ కేపింగే, మేకుల బదులు వెనక జిగురు పట్టీతో వస్తుంది. హోమ్ డిపో, లోస్ దుకాణాల్లో దొరుకుతుంది. టీవీ కింద నిలువుగా అంటించి గోడ రంగు వేస్తే చాలు, చూపు దాని మీద నిలవదు. అంటించేముందు గోడను రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. సామాన్లు తుడిచే స్ప్రేలు కొడితే జిగురు పట్టదు. కొత్తగా రంగు వేసిన గోడైతే కనీసం వారం ఆగండి. తేలిక వైర్లకైతే కమాండ్ బ్రాండు క్లిప్పులు మేలు, ఊడదీసినప్పుడు రంగు పెచ్చులూడదు. అంటించి అరనిమిషం గట్టిగా నొక్కి, గంట తరవాత వైరు తగిలించాలి.

ఆఫీసు టేబులు సులువు. బాక్సును టేబులు అడుగున బిగించి, వైర్లను వెల్క్రో పట్టీలతో కట్టి, ఒక్క వైరు మాత్రమే నేలకు దింపండి. ప్లాస్టిక్ జిప్ టైలు వద్దు, ఒక్క చార్జర్ మార్చాలన్నా కత్తెర వెతుక్కోవాలి.

వంటగదిలో దాచే పని పెట్టుకోకండి. ఇక్కడి కుక్కర్లకు, కెటిల్స్‌కు వైరు మూరెడే ఉందేమిటని విసుక్కుంటాం. పిల్లలు పట్టి లాగకూడదని, కాలికి చుట్టుకోకూడదని కావాలనే పొట్టిగా ఇస్తారు. వాటికి ఎక్స్‌టెన్షన్ వేస్తే ఆ జాగ్రత్త కాస్తా పోయినట్టే. సింకు దగ్గర పాయింటుకి టెస్ట్, రీసెట్ అని రెండు బొత్తాలుంటాయి. ఆ పాయింటు దానంతటదే ఆగిపోయి ఉండొచ్చు, మిక్సీ పాడైందని కంగారుపడేముందు రీసెట్ నొక్కి చూడండి. అన్నట్టు మిక్సీ సంగతి: 230 వోల్టులది తెచ్చి దానికో ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ కొని కౌంటర్ మీద పెట్టుకునే బదులు ఇక్కడి కరెంటుకి చేసిన 110 వోల్టుల మిక్సీ ఇక్కడే తీసుకోండి, ప్రీతి లాంటివి దొరుకుతాయి.

దీపావళికి బాల్కనీలో వేయడానికి మన సీరియల్ లైట్లు తేవద్దు, ఇక్కడి కరెంటుకి సరిగా వెలగవు. ఇక్కడ కొన్న దండకు ట్యాగు చూడండి: యూఎల్ గుర్తు ఎర్రగా ఉంటే బయట కూడా వేయొచ్చు, పచ్చగా ఉంటే ఇంట్లోకే. బయటి ఎక్స్‌టెన్షన్ వైరు మీద అచ్చేసిన కోడ్‌లో డబ్ల్యూ అక్షరం ఉండాలి. తలుపు సందులో వైరు నలిపి మూయకండి.

అన్నీ సర్దాక ఒక గంట అన్నీ నడవనిచ్చి ప్లగ్గుల మీద, బాక్స్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా తగిలితే అందులోంచి ఏదో ఒకటి తీసేయాల్సిందే. ప్లగ్గు వదులై జారిపోతున్నా, పెట్టగానే చిటపటమన్నా మెయింటెనెన్స్‌కి రాయండి. చాలా కాంప్లెక్సుల్లో అవుట్‌లెట్ ఊరికే మారుస్తారు, ఆ పని మీరు చేయకండి. ఇల్లు ఖాళీ చేసే రోజున రేస్‌వేని పట్టుకుని గుంజేయకుండా, హెయిర్ డ్రయర్‌తో జిగురు వేడిచేసి ఒక చివర నుంచి మెల్లగా లేపండి. ఇంట్లోకి దిగినప్పుడు గోడ ఎలా ఉందో మొదటిరోజే ఫోటోలు తీసి పెట్టుకుంటే డిపాజిట్ దగ్గర మాట్లాడటానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.