పిల్లల చేయి వదలకండి: నమీబియా గెస్ట్ ఫారాల్లో చీతాలను చూడబోయే కుటుంబాలకు జాగ్రత్తలు

2025 మే నెలాఖరులో ఆఫ్రికా దేశమైన నమీబియాలో వాయవ్యాన ఉన్న హోవానిబ్ ప్రాంతంలో, మరుగుదొడ్డికని చీకటిలో గుడారం నుంచి బయటికి వచ్చిన ఒక పర్యాటకుణ్ణి సింహం చంపింది. ఆ వార్త చూసినవారిలో అక్కడికి వెళ్ళదలచిన కొందరు, "మేము దిగేది అడవిలో కాదు కదా, గెస్ట్ ఫారంలో (అతిథులకు బస ఇచ్చే ప్రైవేటు ఫారంలో) ఏ భయమూ ఉండదు కదా" అని అడుగుతున్నారు. 2022 సెప్టెంబరు 17న ఎనిమిది నమీబియా చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకు వచ్చాక ఆ దేశం పేరు మనకు దగ్గరైంది. పిల్లలతో కలిసి వెళ్ళి చూడాలనుకోవడం మంచిదే. అయితే ఫారం అనగానే ప్రమాదం లేదనుకోవడం తప్పు.

నమీబియా చీతాల్లో అత్యధిక భాగం జాతీయ పార్కుల్లో కాక ప్రైవేటు పశువుల ఫారాల నేలల్లోనే తిరుగుతాయి. చిరుతపులులు కూడా ఆ నేలల్లో స్వేచ్ఛగా సంచరిస్తాయి. అతిథులకు చూపించడానికి ఆవరణలో ఉంచి మేపే జంతువులు వేరు, కంచె దాటి వచ్చిపోయేవి వేరు. మీ గది చుట్టూ ఉన్న మోకాలెత్తు గోడ ఈ రెండో రకాన్ని ఆపదు. ఇక మొదటి రకంతో ఉన్న చిక్కు ఏమిటంటే, చిన్నప్పటి నుంచి మనుషుల చేతిలో పెరిగిన చీతాకు మనిషంటే బెదురు ఉండదు. అడవిలో పెరిగిన చీతా మనిషి అలికిడికే తప్పుకుంటుంది, ఇది మాత్రం తప్పుకోదు. దాని మచ్చికను చూసి మనం ధైర్యం తెచ్చుకుంటాం.

వాహనంలోంచి చేయి బయట పెట్టవద్దని, అద్దం దించవద్దని ప్రతిచోటా చెబుతారు. 2015 జూన్‌లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ సమీపంలోని సింహాల పార్కులో, అద్దం దించిన కారులో కూర్చున్న పర్యాటకురాలిని ఆడసింహం కరిచి చంపిన తరువాత దానిని మళ్ళీ వివరించనక్కరలేదు. నేను చూసినంతలో కుటుంబాలను ముంచేది మరొకటి ఉంది. అది పిల్లలను నేల మీదికి దించి చేయి వదిలేయడం.

తీగల కంచెకు అవతల చెట్టునీడలో పడుకున్న చీతాను గమనించండి. పదిమంది పెద్దవాళ్ళు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నా కళ్ళు సగం మూసుకునే ఉంటుంది. అంతలో ఒక నాలుగేళ్ళ పిల్ల కంచె వెంబడి పరుగెడితే తల ఒక్కసారిగా లేస్తుంది, చెవులు ముందుకు తిరుగుతాయి, చూపు ఆ పిల్ల మీదే నిలిచిపోతుంది. ఆ తరువాత తల భుజాల మట్టానికి దిగుతుంది, ముందరి కాలు ఒకటి నేల విడుస్తుంది. పక్కనున్న తల్లిదండ్రులు అది ఆడుకుంటోందని నవ్వుతూ వీడియో తీస్తుంటారు. ఆ జంతువు వేటకు సిద్ధమవుతోంది. ఎత్తు తక్కువగా ఉండి, పరుగెత్తుతూ, సన్నని గొంతుతో అరిచే ప్రాణి దాని కంటికి వేటగానే కనబడుతుంది.

ఇది ఆఫ్రికాకే పరిమితం కాదని మనకు తెలుసు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ బాలికను చిరుతపులి బలి తీసుకుంది. ఆ తరువాతే మధ్యాహ్నం రెండు గంటలు దాటితే పదిహేనేళ్ళ లోపు పిల్లలను నడకదారిలోకి పంపరాదని తిరుమల తిరుపతి దేవస్థానం నియమం పెట్టింది. ఆ నియమంలో పిల్లల వయసూ, పొద్దు వాలే వేళా రెండూ ఉన్నాయి. ఫారంలో కూడా ఈ రెండింటినే పట్టుకోండి.

అందుకే పిల్లల వయసు విషయంలో ఫారం వారికి అబద్ధం చెప్పకండి. నడిచి వెళ్ళి చీతాలను చూసే కార్యక్రమాలకు చాలాచోట్ల చిన్నపిల్లలను రానివ్వరు. డబ్బు కట్టాం కదా అని పదేళ్ళవాణ్ణి పన్నెండేళ్ళవాడని చెప్పే తల్లిదండ్రులు ఉన్నారు. మీరు చెప్పిన వయసును జంతువు పట్టించుకోదు, దానికి ఎత్తు మాత్రమే కనబడుతుంది. పిల్లలకు ప్రవేశం లేకపోతే ఒకరు గదిలో ఉండి, మరొకరు వెళ్ళి రండి. ముట్టుకోనిస్తాం, పక్కన కూర్చోనిస్తాం అని ప్రచారం చేసే ఫారానికి అసలు వెళ్ళకండి.

తెరచిన వాహనంలో నిలబడకండి. కూర్చున్నంతసేపు జంతువుకు వాహనమూ మనుషులూ కలిసి ఒకే పెద్ద ఆకారంగా కనబడతాయి. ఒకరు లేచి నిలబడితే ఆ ఆకారం విడిపోతుంది. పిల్లలను మధ్య సీటులో, ఇద్దరు పెద్దవాళ్ళ నడుమ కూర్చోబెట్టండి. కింద పడిన టోపీ కోసమైనా, ఫోను కోసమైనా దిగకండి, గైడుకు చెప్పండి. ఫోటో కోసం కంచె దగ్గర గొంతుకు కూర్చోకండి, ఎందుకంటే కూర్చున్న పెద్దమనిషి కూడా చిన్నపిల్లవాడంత ఎత్తే ఉంటాడు. జంతువుకు వీపు చూపించి సెల్ఫీ తీసుకోకండి. ఎదురుపడితే పరుగెత్తకండి, పిల్లవాణ్ణి ఎత్తుకుని, జంతువు వైపే ముఖం ఉంచి, మెల్లగా వెనక్కి నడవండి. ఎత్తుకునేటప్పుడు నడుము పూర్తిగా వంచకండి. జూన్, జూలై నెలల్లో అక్కడ చలికాలం, సాయంత్రం ఆరుంబావు ప్రాంతానికే పొద్దు గూకుతుంది, అప్పటికి పిల్లలు గదిలో ఉండాలి. భోజనశాల నాలుగు అడుగుల దూరమే అయినా టార్చి లేకుండా, పెద్దవాళ్ళు లేకుండా పంపకండి. గుడారంలో దిగితే రాత్రి అవసరానికి లోపలే ఏర్పాటు ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. మాంసం, తిన్న ఎముకలు గుడారంలో ఉంచకండి. పిల్లల చేయి వదలకండి.

గోరు గీసుకున్నా, పన్ను దిగినా, గాయం చిన్నదే అనుకోకండి. సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. అక్కడి జంతువుల్లో రేబిస్ ఉంది, కూడూ జింకలకు కూడా సోకుతుంది. పైగా పిల్లిజాతి పళ్ళు లోతుగా దిగుతాయి కాబట్టి పైకి చిన్నగా కనబడే గాయం లోపల చీము పడుతుంది. చీతాలకు పేరుపడిన ఓట్జివరోంగో ప్రాంతం నుంచి రాజధాని విండ్‌హుక్ సుమారు 250 కిలోమీటర్లు. విమానంలో తరలించే ఖర్చు కూడా భరించే ప్రయాణ బీమా తీసుకుని, దాని ఫోను నంబరును కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, చాలా ఫారాల్లో సిగ్నల్ ఉండదు.